మెదడులో బెలూన్ వేశారుగా, ఇక మాత్రలెందుకు?

మలక్‌పేట నుంచి వచ్చిన పెద్దాయన ఓపీలో చొక్కా గుండీ పెట్టుకోలేక అవస్థ పడుతున్నారు. కొవ్వు పేరుకుని సన్నబడ్డ మెదడు రక్తనాళాన్ని బెలూన్‌తో వెడల్పు చేసి నెలన్నర. కుడిచెయ్యి బాగుపడి ఇంటికెళ్ళిన మనిషి. మందుల కవర్ విప్పితే రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే క్లోపిడోగ్రెల్ స్ట్రిప్‌లో రెండే మాత్రలు తీసి ఉన్నాయి.

"పళ్ళు తోముకుంటే రక్తం వస్తోందండీ. బ్లాక్ తీసేశారుగా, ఇంకెందుకని మా బావగారు ఆపించారు" అన్నాడు కొడుకు.

నెలకు ఒకరైనా ఈ మాట అంటారు. బ్లాక్‌ను ఎవరూ తియ్యలేదు. పేరుకున్న కొవ్వును బెలూన్ గోడకేసి నొక్కుతుంది, అంతే. అదీ పూర్తిగా ఉబ్బించం. మెదడు నాళం కొన్ని మిల్లీమీటర్లే, గోడ పల్చన. నొక్కినప్పుడు లోపలి పొర చీరుకోవచ్చు, ఆ గరుకు మీద రక్తం గడ్డకడుతుంది. దాన్ని ఆపడానికే మాత్రలు. సాధారణంగా తొలి 3 నెలలు ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ రెండూ వాడాలి, తర్వాత ఒకటి. కొలెస్ట్రాల్, బీపీ మాత్రలు ఎలాగూ ఉంటాయి. చిగుళ్ళలో రక్తం వస్తే ఫోన్ చెయ్యండి, మీరే ఆపెయ్యకండి. విరేచనం నల్లగా అయితే ఫోన్ కాదు, వెంటనే వచ్చెయ్యండి.

ఈ బెలూన్ మీద చైనాలో చేసిన బేసిస్ అధ్యయనం 2024లో వచ్చింది. 501 మంది. ఏడాదిలో మళ్ళీ స్ట్రోక్ (పక్షవాతం), మరణం, అదే నాళానికి మళ్ళీ చికిత్స లాంటివి బెలూన్ చేసినవారిలో 4.4 శాతం, చెయ్యనివారిలో 13.5. ఈ అంకె వాట్సాప్‌లో తిరుగుతోంది. రెండు వైపులా అందరికీ మాత్రలిచ్చారన్న సంగతి మాత్రం తిరగట్లేదు!

మా అమ్మ ఏకాదశినాడు మాత్ర ముట్టేది కాదు, కొడుకు డాక్టరైనా. "ఒక్కరోజుకేమవుతుందిరా" అనేది. పాతబస్తీ నుంచి వచ్చేవాళ్ళు ఈ విషయంలో నయం, రంజాన్‌కు ముందే వచ్చి టైమ్ మార్పించుకుంటారు.

మిగతావి గబగబా చెప్పేస్తాను. పుర్రె కొయ్యం, తొడ దగ్గరో మణికట్టు దగ్గరో నాళంలోంచి వెళ్తాం. "గుండెకు వేసినట్టు స్టెంటే వెయ్యండి సార్" అంటారు. 2011లో అమెరికా అధ్యయనంలో మెదడు నాళంలో స్టెంట్ వేసినవారిలో 14.7 శాతానికి నెలలోపే స్ట్రోక్ లేదా మరణం, మందులతో ఉన్నవారిలో 5.8. ఏ లక్షణమూ లేకుండా స్కాన్‌లో నాళం సన్నబడినట్టు కనపడితే బెలూన్ కోసం పరిగెత్తక్కర్లేదు. కానీ మూతి వంకరపోయి పది నిమిషాల్లో సర్దుకుంటే మాత్రం "గ్యాస్ అయ్యుంటుంది" అని పడుకోకండి, ఆ క్షణమే బయల్దేరండి.

పెద్దాయనకు స్కాన్‌లో కొత్త మచ్చ కనపడింది, అంటే మళ్ళీ స్ట్రోక్, చిన్నదే. కొడుకు తలెత్తలేదు. తప్పు నీది కాదు బాబూ అన్నాను, డిశ్చార్జ్ రోజు హడావిడిలో మేమూ సరిగా చెప్పి ఉండం. మూడు వారాలకు మళ్ళీ వచ్చారు. గుండీలు ఆయనే పెట్టుకున్నారు, ఒకటి తప్పుడు కాజాలో. ఈసారి బావగారూ వచ్చారు. కుర్చీలో కూర్చోకముందే అడిగారు: "డాక్టర్ గారూ, ఈ మాత్రల బదులు వెల్లుల్లి సరిపోతుందటగా?"