'మరో విధంగా గానీ' అన్న మాట వెనక కథ: ఇంగ్లండ్‌లో హాజరు, పరీక్షలు, ఇంటి చదువు

పోయినేడాది మా చిన్నదానికి వెంట వెంటనే రెండుసార్లు జ్వరం వచ్చింది, అది తగ్గిందో లేదో వాంతులు పట్టుకున్నాయి, మొత్తం ఏడు రోజులు స్కూలు పోయింది. సగం ఏడాది కూడా కాలేదు, ఇంటికి లెటర్ వచ్చేసింది, మీ అమ్మాయి అటెండెన్స్ 93 శాతానికి పడిపోయిందని. వెనక రిజిస్టర్ ప్రింట్ తీసి పెట్టారు. పొద్దున పూటకి ఒక గడి, మధ్యాహ్నం పూటకి ఒక గడి, ఒంట్లో బాగోలేక రాని పూటకి 'ఐ' అని అక్షరం, పర్మిషన్ లేకుండా ఊరెళ్తే 'జీ'. పధ్నాలుగు 'ఐ'లు వరసగా చూస్తే నేనేదో తప్పు చేసినట్టు అనిపించింది, నిజం చెప్తున్నా, ఆ రాత్రి నిద్ర పట్టలేదు. అప్పుడే ఈ రూల్స్ అసలు ఎక్కడ మొదలయ్యాయో చదవడం మొదలుపెట్టాను.

చాలామంది పేరెంట్స్ ఇదంతా ఈమధ్య మొదలైన గోల అనుకుంటారు, కాదు, 1862 నాటిది. ఆ ఏడాది చదువుల వ్యవహారాలు చూసే మంత్రి రాబర్ట్ లో (Lowe) అనే ఆయన రివైజ్డ్ కోడ్ అని బళ్లకి కొత్త నియమావళి తెచ్చాడు, దాని ప్రకారం బడికి సర్కారు ఇచ్చే డబ్బు పిల్లల హాజరు మీద, మార్కుల మీద ఆధారపడుతుంది. సగటు హాజరుని బట్టి తలకి 4 షిల్లింగులు, 200 పూటల కంటే ఎక్కువ వచ్చిన పిల్లాడైతే ఇంకో 8 షిల్లింగులు, కానీ ఆ 8 ఊరికే రావు, ఇన్‌స్పెక్టర్ వచ్చి చదవడం, రాయడం, లెక్కలు మూడూ పరీక్ష పెడతాడు, ఒక్కొక్కటి తప్పితే 2 షిల్లింగుల 8 పెన్నీలు కోత. ఇక ఆ బళ్లో పాఠం ఎలా ఉంటుందో మనం ఊహించుకోవచ్చు, ఇన్‌స్పెక్టర్ అడిగే పేజీలే ఏడాది పొడుగునా బట్టీ పట్టించారు. కవిగా పేరున్న మాథ్యూ ఆర్నాల్డ్ స్వయంగా స్కూల్ ఇన్‌స్పెక్టర్, ఆయనే ఇది చదువుని చంపేస్తుందని గట్టిగా వ్యతిరేకించాడు, అయినా 1890ల దాకా నడిచింది. హాజరు, పరీక్ష, డబ్బు ఈ మూడిటికీ అక్కడ పడిన ముడి ఇంకా పూర్తిగా విడిపోలేదనే నా నమ్మకం.

1870 చట్టంతో బళ్లు చాలని చోట్ల బోర్డు స్కూళ్లు, అంటే స్థానికంగా ఎన్నికైన బోర్డులు నడిపే బళ్లు, వచ్చాయి, 1880లో 5 నుంచి 10 ఏళ్ల పిల్లలందరికీ బడి తప్పనిసరి చేశారు. మంచిదే, కానీ చాలా బళ్లలో ఫీజు తీసేసింది మాత్రం 1891 చట్టం తర్వాతే. అంటే మధ్యలో పదేళ్లకి పైగా, పిల్లాడు తెచ్చే నాలుగు డబ్బుల మీద బతికే ఇంట్లో ఆ సంపాదనా పోయింది, ఫీజూ వాళ్లే కట్టాలి, పంపకపోతే ఫైనూ వాళ్లే కట్టాలి. రూల్ మంచిదైనా దాని బరువు ఎవరి మీద పడుతుందో చూసుకోకపోతే ఇలాగే ఉంటుంది.

ఇంటి చదువు సంగతికొస్తే అసలు కీలకం 1944 చట్టం. అందులో 36వ సెక్షన్ తల్లిదండ్రుల మీద ఒక బాధ్యత పెట్టింది, పిల్లలకి తగిన చదువు అందేలా చూడాలి, 'బడికి క్రమం తప్పకుండా పంపి గానీ, మరో విధంగా గానీ' అని. చదివించడం తప్పనిసరి, బడి కాదు. ఇంట్లో గవర్నెస్‌ని పెట్టి చదివించే డబ్బున్న కుటుంబాలు అప్పటికే ఉండేవి, కానీ మామూలు మనుషులు అదే దారి పట్టుకుంటే అధికారులు ఊరుకోలేదు, 1950ల్లో నార్ఫోక్‌లో ఒక తల్లి తన పిల్లల్ని ఇంట్లోనే చదివించుకోడానికి ఏళ్ల తరబడి పోరాడాల్సి వచ్చింది. 1977లో ఇలాంటి కుటుంబాలు కలిసి సంఘం పెట్టుకున్నప్పుడు ఆ చట్టంలోని మాటనే పేరుగా తీసుకున్నారు, ఎడ్యుకేషన్ అదర్‌వైజ్ అని.

పరీక్షలు మళ్లీ పెద్ద ఎత్తున వచ్చింది 1988 చట్టంతో, 7, 11, 14 ఏళ్లకి దేశమంతా ఒకే పరీక్ష. 1993లో టీచర్లే బాయ్‌కాట్ చేశారు. 14 ఏళ్ల పరీక్షని 2008లో తీసేశారు. 2016 మే 3న అయితే పేరెంట్సే ముందుకొచ్చారు, చిన్న పిల్లలకి ఈ పరీక్షలేంటని వేల మంది ఆ రోజు పిల్లల్ని స్కూలుకి పంపలేదు. 7 ఏళ్ల పరీక్ష 2023-24 నుంచి తప్పనిసరి కాదు. ఈ పేరెంట్స్ దగ్గర ఉన్న ఒకే ఒక ఆయుధం పిల్లల్ని బడి మాన్పించడం, అదేమో రిజిస్టర్‌లో పర్మిషన్ లేని గైర్హాజరు కింద పడుతుంది.

రిజిస్టర్ కూడా రాను రాను బిగుసుకుంది. 2002లో పిల్లలు బడికి సరిగా వెళ్లట్లేదని బాన్‌బరీలో ఒక తల్లిని జైల్లో పెట్టారు. 2003 చట్టంతో స్కూళ్లకి, కౌన్సిళ్లకి నేరుగా ఫైన్ వేసే అధికారం వచ్చింది. అప్పట్లో 'ప్రత్యేక పరిస్థితి' ఉంటే ఏడాదికి పది రోజుల దాకా హెడ్‌టీచర్ సెలవిచ్చేవారు, 2013లో దాన్ని 'అసాధారణ పరిస్థితి'గా మార్చేసి ఆ పది రోజుల మాటే తీసేశారు. తర్వాత ఐల్ ఆఫ్ వైట్‌లో ఒక తండ్రి టర్మ్ టైమ్‌లో, అంటే బడి నడిచే రోజుల్లో, కూతుర్ని ఫ్లోరిడా తీసుకెళ్లి, మిగతా రోజులన్నీ మా అమ్మాయి క్రమంగానే వెళ్లింది కదా అని కోర్టులో వాదించాడు, కింద కోర్టుల్లో గెలిచాడు కూడా, కానీ 2017 ఏప్రిల్‌లో సుప్రీం కోర్టు క్రమంగా అంటే స్కూలు రూల్స్ ప్రకారం అని తేల్చేసింది. 2024 ఆగస్టు నుంచి పది స్కూలు వారాల్లో పది పూటలు పర్మిషన్ లేకుండా పోతే ఫైన్ వేసే విషయం స్కూలు ఆలోచించాల్సిందే, ఒక్కో పేరెంట్‌కి ఒక్కో పిల్లకి 80 పౌండ్లు, 21 రోజుల్లో కట్టకపోతే 160. ఇండియాలో అన్న పెళ్లికి వెళ్లొచ్చి ఇద్దరు పిల్లల మీద అమ్మానాన్న ఇద్దరూ ఫైన్ కట్టిన కుటుంబం నాకు బాగా తెలుసు, హాఫ్ టర్మ్‌లో, అంటే టర్మ్ మధ్యలో ఇచ్చే సెలవుల్లో, ముహూర్తం పెట్టుకోమని ఎవరికి చెప్తాం.

ఇంకోపక్క ఇంట్లో చదివే పిల్లలు పెరిగిపోయారు, 2024 శరదృతువు లెక్కలో ఇంగ్లండ్‌లో సుమారు 1,11,700 మంది. పిల్లల మానసిక ఆరోగ్యమే కారణమని చెప్పినవాళ్లు తక్కువేం లేరు. ఇంట్లో చదివే పిల్లలందరి పేర్లూ రాసుకునే ఒక రిజిస్టర్ పెట్టాలని 2009లో ప్రభుత్వం వేయించిన బాడ్‌మన్ రిపోర్ట్ చెప్పింది, 2010 ఎన్నికల ముందు ఆ ప్రయత్నం ఆగిపోయింది. సర్రేలో బడి మాన్పించి ఇంట్లో ఉంచిన పదేళ్ల పాప హత్య కేసులో తీర్పు వచ్చింది 2024 డిసెంబర్‌లో, అదే నెలలో పార్లమెంటుకి వచ్చిన బిల్లులో మళ్లీ ఆ రిజిస్టర్ పెట్టారు. ఆ పాప గురించి చదివాక రిజిస్టర్ వద్దని అనడానికి నాకు నోరు రాదు. కానీ లక్ష మందికి పైగా పిల్లల పేరెంట్స్ బడిని ఎందుకు వదిలేశారో కూడా అంతే గట్టిగా అడగాలి కదా, ఆ ప్రశ్నకి మాత్రం ఫారంలో ఒక గడి ఇచ్చి వదిలేస్తున్నారు.

1944 నాటి వాక్యం ఇప్పుడు 1996 చట్టంలో 7వ సెక్షన్‌గా ఉంది, 'మరో విధంగా గానీ' అన్న మాటని ఇప్పటిదాకా ఎవరూ తీసేయలేదు. ఆ సెక్షన్‌ని ప్రింట్ తీసి, పధ్నాలుగు 'ఐ'లున్న ఆ లెటర్ పక్కనే ఫైల్లో పెట్టుకున్నాను.