బొమ్మ పేజీని తాకితే వైరస్ రాదండీ, తంటా అంతా ‘అలో’ (అనుమతించు) బటన్‌తోనే

సంక్రాంతికి మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఒక లింకు పెట్టాను. నొక్కితే ఫోన్ తెర మీద కళ్లాపి చల్లిన వాకిలి రంగు, దాని మీద చుక్కలు కనిపిస్తాయి. వేలితో గీస్తే ముగ్గు పడుతుంది. అంతకు మించి అందులో ఏమీ లేదు.

నాలుగు రోజులకి రెండో అంతస్తు పిన్నిగారు లిఫ్ట్ దగ్గర పట్టుకున్నారు. “ఏం నాయనా, నీ ముగ్గు నొక్కిన దగ్గర్నుంచీ నా ఫోన్ నిండా వైరస్సులేనయ్యా. పదమూడు వైరస్సులున్నాయని పొద్దున్నించీ ఒకటే మోత. షాపుకి తీసుకెళ్తే అంతా చెరిపేసి ఆరొందలు పుచ్చుకున్నాడు. మనవరాలి బారసాల ఫొటోలన్నీ పోయాయి.”

డబ్బు సంగతి సరే. ఆ ఫొటోల మాట వినేసరికి నాకు నోట మాట రాలేదు.

నేను పగలు ఆఫీసులో ఫారాలూ బటన్లూ తయారుచేస్తాను, రాత్రిళ్లు బ్రౌజర్‌లో ఆడుకునే బొమ్మలు చేస్తాను. ఏది చేసి ఎవరికి పంపినా మొదట వచ్చే ప్రశ్న ఒకటే: “నొక్కితే ఏం కాదు కదా?” అడగడం తప్పు కాదు. రోజూ పేపర్లో చదివే సైబర్ మోసాలు చూస్తే ఎవరికైనా భయమేస్తుంది. కానీ ఆ భయం ఉండాల్సిన చోట లేదు. గొడవంతా అక్కడే.

అపోహ: తెలియని పేజీలో ఎక్కడ తాకినా ఫోన్ హ్యాక్ అయిపోతుంది

ఊరి తీర్థానికి రంగులరాట్నం వాడొస్తాడు. వాడికి గుడి పక్కన కాస్త జాగా ఇస్తాం. వాడు అక్కడే తిప్పుతాడు, అక్కడే ఆడిస్తాడు. మీ ఇంటి బీరువా సంగతి వాడికేం తెలుస్తుంది? బ్రౌజర్ ఒక వెబ్ పేజీకి ఇచ్చే జాగా కూడా అలాంటిదే. మా వాళ్లు దాన్ని శాండ్‌బాక్స్ అంటారు. ఆ గీత లోపల పేజీ బొమ్మ గీయగలదు, వేలు ఎక్కడ పడిందో చూడగలదు, చప్పుడు చేయగలదు. మీ గ్యాలరీని తనంతట తాను తిరగేయలేదు. మీ మెసేజ్‌ల ఇన్‌బాక్స్ తెరిచి చదవలేదు. కెమెరా, మైకు, లొకేషన్ కావాలంటే బ్రౌజర్ ద్వారా మిమ్మల్ని అడగాలి. మీరు వద్దంటే ఇక అంతే.

పేజీకి ఏమీ తెలియదని మాత్రం అనను. మీది ఏ రకం ఫోనో, ఇంటర్నెట్ కనెక్షన్‌ని బట్టి సుమారుగా ఏ ప్రాంతం నుంచి చూస్తున్నారో తెలుస్తుంది. ఆ గీతకి అప్పుడప్పుడూ కన్నాలు కూడా పడతాయి. వాటిని పూడ్చడానికే క్రోమ్, సఫారీ అప్‌డేట్లు వస్తుంటాయి. ‘తర్వాత చూద్దాం’ అని నెలల తరబడి వాయిదా వేసేవాళ్లు ముందు ఆ పని కానివ్వండి.

మరి పిన్నిగారి ఫోన్‌కి ఏమైంది?

షాపువాడు చెరిపేసిన పది రోజులకి మళ్లీ అదే మోత మొదలైంది. ఈసారి షాపుకి వెళ్లకుండా నన్ను పిలిచారు. కాఫీ ఇచ్చి ఫోన్ చేతిలో పెట్టారు. నేను చూస్తుండగానే ఒకటి వచ్చింది: ఎర్రటి గుర్తు, ‘మీ ఫోన్ ప్రమాదంలో ఉంది, వెంటనే శుభ్రం చేయండి’ అన్న మాట. పైన సన్నటి అక్షరాల్లో క్రోమ్ పేరు, దాని పక్కన ఏదో పొడుగాటి సైటు చిరునామా. అది వైరస్ కానే కాదు, ఒట్టి నోటిఫికేషన్. పాలవాడి యాప్ ‘రేపు పాలు కావాలా’ అని పంపినట్టే ఇదీ ఒక కబురు. కాకపోతే ఇది పచ్చి అబద్ధం.

క్రోమ్‌లో పై మూలన మూడు చుక్కలు నొక్కి, సెట్టింగ్స్‌లో సైట్ సెట్టింగ్స్‌కి వెళ్లి, అందులో నోటిఫికేషన్స్ తెరిచాను. అనుమతి పొందిన సైట్ల జాబితాలో మూడున్నాయి. మూడూ మనవడు క్రికెట్ ఉచితంగా చూడ్డానికి వెళ్లినవే. నా ముగ్గు పేజీ ఆ జాబితాలో లేదు, దానికి కబుర్లు పంపే పనే లేదు. మూడింటినీ బ్లాక్ చేశాను. కాఫీ చల్లారేలోపు పని అయిపోయింది. ఫొటోలు చెరపాల్సిన అవసరం మొదట్నుంచీ లేదు.

“నేనేం తప్పు నొక్కలేదు మావయ్యా, రోబో కాదని చెప్పమంటే చెప్పాను” అన్నాడు ఆ పిల్లాడు. పాపం, వాడన్నది నిజమే. ఆ సైట్లలో ఒక రోబో బొమ్మ వేసి ‘మీరు మనిషని నిరూపించుకోవడానికి అలో నొక్కండి’ అని రాస్తారు. అప్పుడు పైన వచ్చే చిన్న పెట్టెలో బ్రౌజర్ అడిగేది వేరు: ఈ సైటు మీకు నోటిఫికేషన్లు పంపొచ్చా అని. దాన్ని ఎవరూ చదవరు. ఇది మాత్రం గుర్తుపెట్టుకోండి. నిజమైన రోబో పరీక్షలో టిక్కు పెట్టమంటారు, ట్రాఫిక్ లైట్లున్న ఫొటోలు ఎంచమంటారు. నోటిఫికేషన్లకి అనుమతి ఇవ్వడం ఏ పరీక్షలోనూ భాగం కాదు.

ఒక్క అలోతో డబ్బు పోదు. పోయేది ఆ తర్వాతి మెట్లలో. ‘వైరస్ ఉంది’ అన్న కబురు నొక్కితే ‘క్లీనర్ దించుకోండి’ అంటుంది. దించితే అది ఏపీకే ఫైలు, అంటే ప్లే స్టోర్‌తో పనిలేకుండా నేరుగా ఫోన్‌లో ఎక్కించే యాప్. తెలియని చోటి నుంచి వచ్చిందని ఫోన్ హెచ్చరిస్తుంది, దాన్నీ దాటేస్తాం. ఇన్‌స్టాల్ అయ్యాక ఎస్సెమ్మెస్సులు చదవనివ్వమంటుంది. అదీ ఇస్తే ఓటీపీలు వాడి చేతికి పోయినట్టే. పెళ్లి పత్రిక అనీ, ట్రాఫిక్ చలానా అనీ వాట్సాప్‌లో వచ్చే ఏపీకేలు చేసేదీ ఇదే పని. రంగులరాట్నం దగ్గర పిల్లల్ని ఎక్కనివ్వకుండా గట్టిగా చెయ్యి పట్టుకుని, ఇంటి తాళంచెవి మాత్రం దారినపోయేవాడికి ఇచ్చినట్టుంది మన జాగ్రత్త. అప్పటికే డబ్బు పోయి ఉంటే షాపు చుట్టూ తిరక్కండి, ముందు సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేయండి. ఎంత తొందరగా చేస్తే అంత మంచిది.

కాబట్టి ఒక గీటురాయి చెప్తాను. బ్రౌజర్‌లో ఆడే బొమ్మ అయితే లింకు తెరవగానే ఆడుతుంది. బుడగలు చిట్లించడానికి కాంటాక్టులు ఎందుకు? ముగ్గు వేయడానికి లొకేషన్ ఎందుకు? ఆటకీ అడిగినదానికీ పొంతన లేకపోతే ట్యాబ్ మూసేయండి. దానికి షాపువాడు అక్కర్లేదు.

ఇందులో నా తప్పూ ఒకటుంది. మొదట్లో ఫోన్‌ని ఊపితే ముగ్గు చెరిగిపోయేలా పెట్టాను, చీపురుతో ఊడ్చినట్టు. నాకు భలే ముచ్చటగా ఉండేది. కానీ ఐఫోన్‌లో 2019 నుంచి ఫోన్ కదలికలు తెలుసుకోవాలంటే పేజీ అనుమతి అడగాల్సిందే. ఆ పెట్టె చూసి ముగ్గురు నలుగురు భయపడి మూసేశారు. మూయడమే సరైన పని అనిపించింది. ఊపడం తీసేసి, మూలన చీపురు బొమ్మతో ఒక బటన్ పెట్టాను.

మిగిలినవి గబగబా

ఇన్‌కాగ్నిటోలో తెరిస్తే సేఫ్ అనుకుంటారు. అది మీ ఫోన్‌లో హిస్టరీ మిగలకుండా చూస్తుంది, అంతే. దాన్లోంచి దించిన ఏపీకే కూడా ఏపీకేనే.

‘మీ బొమ్మకి సౌండ్ రావట్లేదు, పాడైంది’ అని వారానికొకరు రాస్తారు. పాడవలేదండీ, తెరని ఒకసారి తాకండి. మీరు తాకకముందే పేజీ అరవకూడదని క్రోమ్ 2018లో కట్టడి పెట్టింది. పుణ్యం కట్టుకుంది.

ఒకప్పుడు బ్రౌజర్‌లో ఆటలూ బొమ్మలూ ఆడించిన ఫ్లాష్ పోయింది, పాత బొమ్మలన్నీ పోయాయి అని బాధపడేవాళ్లకి: 2020 డిసెంబర్ 31తో అడోబీ ఫ్లాష్‌ని ఆపేసిన మాట నిజమే. కానీ రఫుల్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ పాత ఫ్లాష్ ఫైళ్లను ఇప్పటి బ్రౌజర్లలో ఆడిస్తోంది. అన్నీ కాదు గానీ చాలానే ఆడతాయి.

అపోహ: పాయింట్లు లేవు, గెలుపు లేదు, ఇదేం ఆట?

ఇది వింటే మాత్రం నాకు కాస్త చిర్రెత్తుతుంది. చిన్నప్పుడు తాటాకు గిరక చేసుకుని గాలికి ఎదురు పరిగెత్తాం. ఎవడైనా స్కోరు అడిగాడా? ఆటలో గెలుపోటములుంటాయి, బొమ్మకి ఉండవు. తాకితే కదులుతుంది, ఆ కదలిక బాగుంటుంది, మళ్లీ తాకుతాం.

పెద్ద కంపెనీలకీ ఈ సరదా తెలుసు. నెట్ లేనప్పుడు క్రోమ్‌లో పరిగెత్తే డైనోసార్ 2014లో వచ్చింది. నెట్ ఉన్నా అడ్రస్ బార్‌లో క్రోమ్, కోలన్, రెండు స్లాష్‌లు, డైనో అని ఇంగ్లిష్‌లో కొడితే వస్తుంది. 2010 మేలో ప్యాక్‌మ్యాన్ అనే పాత వీడియో గేమ్‌కి ముప్ఫయ్యేళ్లు నిండాయని గూగుల్ తన పేరునే ఆడుకునే ఆటగా మార్చింది. మరుసటి ఏడాది అమెరికన్ గిటార్ వాద్యకారుడు లెస్ పాల్ పుట్టినరోజుకి పెట్టిన గిటార్ తీగలు మౌస్ తగిలితే మోగేవి. నేను అప్పుడు చేస్తున్న ఆఫీసులో మా వరుస మొత్తం ఆ రోజు పని మానేసి ‘సరిగమ’ వెతుక్కుంది.

తయారీలోనూ అంతే సరదా ఉంది. నా ముగ్గులో మొదట తెల్లటి గీత పెట్టాను. అది ముగ్గులా లేదు, సుద్దముక్కతో గీసినట్టుంది. మా అమ్మ చేతిని చూశాక అర్థమైంది: చూపుడువేలికీ బొటనవేలికీ మధ్య నుంచి పిండి జారుతుంది, చెయ్యి నిదానిస్తే దట్టంగా, విసిరితే పల్చగా పడుతుంది. గీత తీసేసి రేణువులు రాల్చాను. వేలు ఉన్న చోటికి అటూ ఇటూ కాస్త చెదిరేలా, వేలు వేగం పెరిగితే తక్కువ పడేలా మార్చాను. రాసిందల్లా ఇరవై లైన్ల కోడ్. దీనికి బీటెక్ అక్కర్లేదు, పెద్ద కంప్యూటర్ కూడా అక్కర్లేదు. అమ్మ ఫోన్ చేతిలోకి తీసుకుని ఏడు చుక్కలు, సందు చుక్క నాలుగు వచ్చేవరకు పెట్టి పద్మం వేసింది. వేశాక అలవాటుగా వేళ్లు చీర కొంగుకి తుడుచుకుంది.

పిన్నిగారు ఇప్పుడు రోజూ వేస్తున్నారు. మొన్న మళ్లీ లిఫ్ట్ దగ్గర ఆపారు. “అంతా బానే ఉంది కానీ, నీ దాంట్లో మెలికల ముగ్గు రాదేంటయ్యా?”

ఈ ఫిర్యాదు మాత్రం న్యాయమైనదే. చుక్క దగ్గరికి వచ్చిన గీత దాన్ని తాకకుండా చుట్టి పోవాలి. మూడు ఆదివారాలు కూర్చున్నాను. మధ్య వరుసల్లో బాగానే తిరుగుతోంది, మూల చుక్క దగ్గరికి వచ్చేసరికి ఇంకా చిక్కుపడుతూనే ఉంది.