ఒక్క జన్యువు మందగిస్తే రెట్టింపు ఆయుష్షు

సీ. ఎలిగాన్స్ అనేది కుళ్లిన పండ్ల మీద, మట్టిలో బతికే మిల్లీమీటరు పొడవు నులిపురుగు. ల్యాబ్‌లో 20 డిగ్రీల దగ్గర పెంచితే రెండు మూడు వారాల్లో దాని బతుకు తెల్లారిపోతుంది. ముసలితనం మీద పరిశోధన చేసేవాళ్లకు కావలసిందీ అదే. ఎలుకలతో అయితే ఏళ్లు పడుతుంది.

ఆయుష్షు కొలిచే పద్ధతిలో ఆర్భాటమేమీ లేదు. పెట్రీ డిష్‌లో బ్యాక్టీరియా మేత వేసి పురుగుల్ని వదులుతారు. మైక్రోస్కోపు కింద ఒక్కోదాన్నీ ప్లాటినం తీగతో మెల్లగా తాకుతారు. తల కాస్త కదిలిందా, బతికున్నట్టే. ఎంత తాకినా ఉలుకూ పలుకూ లేకపోతే ఆ రోజు చావుల్లో రాసుకుంటారు. గుడ్లు పెట్టే రోజుల్లో తల్లుల్ని కొత్త డిష్‌లోకి మారుస్తూ ఉండాలి, లేకపోతే పిల్లలు కలిసిపోయి లెక్క గందరగోళమవుతుంది. వట్టి ఓపిక పని.

ఇలా లెక్కపెట్టే 1988లో ఏజ్-1 జన్యువులో మార్పుంటే ఆయుష్షు పెరుగుతుందని చూపించారు. అసలు కలకలం మాత్రం 1993లో. డాఫ్-2 జన్యువు బలహీనపడ్డ పురుగులు రెట్టింపుకు పైగా బతుకుతున్నాయని శాన్‌ఫ్రాన్సిస్కోలోని సింథియా కెన్యన్ బృందం ప్రకటించింది. మంచాన పడి రోజులు లాగడం కాదది, మామూలు పురుగులు కదల్లేని వయసులోనూ ఇవి చురుగ్గా పాకుతున్నాయి! ఇంకో సంగతీ తేలింది: డాఫ్-16 జన్యువు కూడా చెడిపోతే ఆ అదనపు ఆయుష్షు మాయం.

ఎందుకో 1997లో తెలిసింది. డాఫ్-2 తయారుచేసేది మన ఇన్సులిన్ రిసెప్టర్ లాంటి ప్రోటీన్, అంటే ఇన్సులిన్ సంకేతాన్ని కణానికి అందించేది. తిండి బాగా ఉన్నప్పుడు దాని సంకేతం డాఫ్-16 ప్రోటీన్‌ను జన్యువులుండే కణకేంద్రకం బయటే ఆపేస్తుంది. సంకేతం తగ్గితే డాఫ్-16 లోపలికి వెళ్లి, కణాన్ని కాపాడే, మరమ్మతు చేసే జన్యువుల్ని నడిపిస్తుంది. పస్తుల కాలం గట్టెక్కడానికి పురుగుకున్న ఏర్పాటిది.

మరి ప్రకృతిలో అన్నీ ఇలాంటివే ఎందుకు లేవు? డాఫ్-2 లోపమున్న పురుగుల్ని మామూలువాటితో కలిపి పెంచి చూశారు. నాలుగు తరాల్లోనే తుడిచిపెట్టుకుపోయాయి. తొలిరోజుల్లో ఎక్కువమంది పిల్లల్ని కన్నవాటిదే రాజ్యం. ముసలితనంలో ఎంత హుషారుగా ఉన్నా లాభం లేదు.

మనుషుల్లో ఇన్సులిన్ రిసెప్టర్ తీవ్రంగా దెబ్బతింటే దీర్ఘాయుష్షు రాదు సరికదా, పసితనంలోనే ప్రాణం తీసే జబ్బు వస్తుంది. డాఫ్-16కు మనలో ఉన్న బంధువు ఫాక్సో3 కథ వేరు. హవాయిలోని జపాన్ సంతతి మగవాళ్లలో, ఈ జన్యువు ఒక రూపానికీ దీర్ఘాయుష్షుకూ సంబంధముందని 2008లో తేలింది.