మూడోవాడి లెక్క

2015 ఆగస్టు 6 రాత్రి. ఒహాయో రాష్ట్రంలోని క్లీవ్‌లాండ్‌లో రిపబ్లికన్ పార్టీ టికెట్ ఆశిస్తున్న పదిమంది వేదిక మీద వరసగా నిలబడ్డారు. అధ్యక్ష ఎన్నికకు ఇంకా పదిహేను నెలల టైముంది. టీవీ చర్చలో మొట్టమొదటి ప్రశ్నే ఇది: టికెట్ ఎవరికొచ్చినా వాళ్లకే మద్దతిస్తాననీ, విడిగా పోటీ చెయ్యననీ మాట ఇవ్వలేనివాళ్లు ఎవరైనా ఉంటే చెయ్యెత్తండి. ఒక్క చెయ్యి లేచింది. డోనాల్డ్ ట్రంప్‌ది.

హాల్లో కొందరు గోల చేశారు. ఆయన చెయ్యి దించలేదు. నాలుగు వారాల తర్వాత పార్టీ జాతీయ అధ్యక్షుడు న్యూయార్క్‌లోని ట్రంప్ టవర్‌కు స్వయంగా వెళ్లి కలిశాక గానీ విడిగా పోటీ చెయ్యనన్న కాగితం మీద ఆయన సంతకం పెట్టలేదు. అప్పటికి ట్రంప్ ఒక్క ఎన్నికలో కూడా గెలిచినవాడు కాదు. అలాంటి మనిషి దగ్గరికి అంత పాత పార్టీ ఎందుకు వెళ్లాల్సి వచ్చింది? ఆ చెయ్యి వెనక ఒక లెక్క ఉంది. అది ఆ పార్టీ పెద్దలకు బాగా తెలుసు.

అమెరికా అధ్యక్షుణ్ణి దేశం మొత్తం మీద పడ్డ ఓట్లు నేరుగా ఎన్నుకోవు. రాష్ట్రాలకు జనాభాను బట్టి కొందరు ఎలక్టర్లు ఉంటారు, అధ్యక్షుణ్ణి ఎన్నుకునేది వాళ్లే. ఇప్పుడు మొత్తం 538 మంది, గెలవాలంటే 270 కావాలి. మెయిన్, నెబ్రాస్కా తప్ప మిగతా అన్నిచోట్లా ఒక్క ఓటు ఎక్కువొచ్చినా చాలు, ఆ రాష్ట్రం ఎలక్టర్లంతా ఆ అభ్యర్థి ఖాతాలోకే పోతారు. రెండో స్థానానికి ఏమీ దక్కదు. అందుకే ఇక్కడ ఎన్ని ఓట్లు వచ్చాయన్నది సగం ప్రశ్నే. ఎక్కడ వచ్చాయన్నది మిగతా సగం.

దీన్ని పరీక్షించడానికి చరిత్రే ఒక ప్రయోగం చేసి పెట్టింది. 1948లో డెమొక్రాట్ ట్రూమన్, రిపబ్లికన్ డ్యూయీలతో పాటు మరో ఇద్దరు గట్టిగా పోటీ చేశారు. నల్లజాతివాళ్లకు సమాన హక్కులు వద్దంటూ డెమొక్రాటిక్ పార్టీని వదిలి వచ్చిన స్ట్రామ్ థర్మండ్ ఒకరు. రష్యాతో సఖ్యత కావాలన్న హెన్రీ వాలెస్ రెండోవాడు. థర్మండ్‌కు దాదాపు 11.76 లక్షల ఓట్లు, వాలెస్‌కు దాదాపు 11.57 లక్షలు. ఇద్దరికీ రమారమి 2.4 శాతమే. ఎలక్టోరల్ ఓట్లు చూడండి: థర్మండ్‌కు 39, వాలెస్‌కు సున్నా. థర్మండ్ ఓట్లు దాదాపు అన్నీ దక్షిణాదిలో కుప్పపడ్డాయి, వాలెస్ ఓట్లు ఏ రాష్ట్రంలోనూ మొదటి స్థానానికి చాలలేదు.

అయితే సున్నా వచ్చినంత మాత్రాన వాలెస్ ఏమీ చెయ్యలేదనుకుంటే పొరపాటు. న్యూయార్క్‌లో ఆయనకు 5 లక్షల పైచిలుకు ఓట్లొచ్చాయి. అక్కడ ట్రూమన్ ఓడింది సుమారు 61 వేల తేడాతో. అప్పట్లో ఆ రాష్ట్రానికి 47 మంది ఎలక్టర్లు. అంటే బయటివాడు ఎన్నికను మార్చడానికి రెండు దారులున్నాయి: కొన్ని రాష్ట్రాలను తానే ఎత్తుకుపోవడం, లేదా గట్టి పోటీ ఉన్నచోట ఓట్లు చీల్చడం. మన అసెంబ్లీ ఎన్నికలు చూస్తూ పెరిగినవాళ్లకు ఈ రెండోది కొత్తగా చెప్పక్కర్లేదు.

మూడో దారి కూడా ఉంది. నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైంది అదే. అది అర్థం కావాలంటే 1968కి రావాలి.

జార్జి వాలెస్ అలబామా గవర్నరుగా చేసినవాడు. (హెన్రీ వాలెస్‌తో ఇంటిపేరు తప్ప ఏమీ కలవదు.) 1963 జనవరిలో గవర్నరుగా ప్రమాణం చేస్తూ జాతుల వేర్పాటు ఇవాళా ఉండాలి, రేపూ ఉండాలి, ఎప్పటికీ ఉండాలి అని ప్రకటించాడు. అదే ఏడాది జూన్‌లో ఇద్దరు నల్లజాతి విద్యార్థులు చేరడానికి వస్తే టస్కలూసాలో యూనివర్సిటీ గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు. ఇలాంటి మనిషికి దక్షిణాది బయట ఎవరు ఓటేస్తారని చాలామంది అనుకున్నారు. 1964లో డెమొక్రాటిక్ ప్రైమరీల్లో, అంటే పార్టీ టికెట్ ఎవరికో ఓటర్లు తేల్చే పోటీల్లో దిగితే విస్కాన్సిన్‌లో మూడోవంతు ఓట్లు, మేరీలాండ్‌లో 40 శాతానికి పైనే వచ్చాయి. విస్కాన్సిన్ ఎక్కడో ఉత్తరాన కెనడా వైపు ఉండే రాష్ట్రం. ఆ ఓట్లు చూసి రెండు పార్టీలూ ఉలిక్కిపడ్డాయి.

హెరాల్డ్ హోటెలింగ్ అనే ఆర్థికవేత్త 1929లో ఒక చిన్న ఊహ చేశాడు. పొడుగాటి ఒకే వీధి, అందులో రెండు దుకాణాలు. జనం దగ్గర్లో ఉన్న దుకాణానికే వెళ్తారు. అప్పుడు ఇద్దరు దుకాణదారులూ ఎక్కువ బేరం కోసం జరుగుతూ జరుగుతూ వీధి నడిమధ్యకు చేరి పక్కపక్కనే కూర్చుంటారు. 1957లో ఆంథొనీ డౌన్స్ దీన్ని పార్టీలకు అన్వయించాడు. ఎడమ నుంచి కుడికి సాగే అభిప్రాయాల వీధిలో రెండు పెద్ద పార్టీలు మధ్యలో ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ ఉంటాయి. రెండు పార్టీల మధ్యా పైసా తేడా లేదని వాలెస్ ప్రతి సభలో చెప్పేవాడు. ఆయనకు తెలియకుండానే హోటెలింగ్ పాఠం చెబుతున్నాడన్నమాట.

మూడో దుకాణం వీధి చివర తెరిస్తే దగ్గరున్న పార్టీకే నష్టం. వాలెస్ చేసింది అది కాదు. జాతి విషయంలో కరడుగట్టినవాడు. కానీ వృద్ధుల పెన్షన్లు పెంచాలనేవాడు, ప్రభుత్వ వైద్యసాయం కావాలనేవాడు. ఆ సంగతుల్లో డెమొక్రాట్ల ధోరణే. ఆయన దుకాణం ఆ వీధిలో లేదు, వీధికి అడ్డంగా కొత్త సందు తవ్వి అందులో పెట్టాడు. దాంతో డెట్రాయిట్ కార్ల ఫ్యాక్టరీలో యూనియన్ కార్మికుడు, మిసిసిపీలో తెల్ల రైతు ఒకే కౌంటరు దగ్గర లైను కట్టారు. పాత వీధిలో వాళ్లిద్దరి ఇళ్లూ చాలా దూరం. చీల్చే అభ్యర్థి బలం ఎప్పుడూ ఇక్కడే ఉంటుంది. ఉన్న ప్రశ్నకు కొత్త జవాబు చెప్పడు, జనాన్ని వేరే ప్రశ్న దగ్గర నిలబెట్టి విడదీస్తాడు.

వాలెస్ సొంత పార్టీ పెట్టి యాభై రాష్ట్రాల బ్యాలెట్లలోనూ పేరు ఎక్కించుకున్నాడు. అది మామూలు పని కాదు. కాలిఫోర్నియాలో 66 వేల మంది పార్టీలో నమోదు కావాలంటే లక్షకు పైగా చేర్పించారు. ఒహాయో రూల్సు మరీ కఠినంగా ఉంటే సుప్రీంకోర్టు దాకా వెళ్లి తెచ్చుకున్నాడు. గెలుస్తాననే భ్రమ ఆయనకు పెద్దగా లేదు. ఎవరికీ 270 రాకుండా చేస్తే చాలు. డిసెంబరులో ఎలక్టర్లు ఓటేసే లోపు రిపబ్లికన్ నిక్సనో డెమొక్రాట్ హంఫ్రీయో తన దగ్గరికి రాక తప్పదు, పౌరహక్కుల చట్టాల మీద బేరం పెట్టొచ్చు. అదీ కుదరకపోతే ఎన్నిక ప్రతినిధుల సభకు పోతుంది. అక్కడ రాష్ట్రానికి ఒక్క ఓటే. కోట్ల జనాభా ఉన్న కాలిఫోర్నియాకూ ఒకటే, అలాస్కాకూ ఒకటే.

సెప్టెంబరు చివర్లో గాలప్ సర్వే వాలెస్‌కు 21 శాతం చూపించింది. ఆ తర్వాత జారుడు మొదలైంది. ఉపాధ్యక్ష అభ్యర్థిగా వైమానిక దళ మాజీ అధిపతి కర్టిస్ లెమేని తెస్తే, ఆయన మొదటి ప్రెస్‌మీట్‌లోనే అణుబాంబంటే జనానికి లేనిపోని భయం పట్టుకుందన్నట్టు మాట్లాడాడు. పక్కనే నిలబడ్డ వాలెస్ మొహం ఎలా ఉండి ఉంటుందో ఊహించుకోవచ్చు. ఈలోగా కార్మిక సంఘాలు అలబామాలో జీతాలు ఎంత తక్కువో చూపిస్తూ ఫ్యాక్టరీల దగ్గర కరపత్రాలు పంచాయి. దక్షిణాదిలో నిక్సన్ మనుషులు వాలెస్‌కు వేస్తే ఓటు వృథా అని ప్రచారం చేశారు. ఒక్కడే గెలిచే పద్ధతిలో జనం చివరికి మూడోవాణ్ణి వదిలి మొదటి ఇద్దరిలో ఒకరి వైపు మళ్లుతారని ఫ్రెంచి పండితుడు మోరిస్ డ్యువర్జే అప్పటికే చెప్పి ఉన్నాడు. వాలెస్‌కు చివరికి మిగిలింది 13.5 శాతం, దాదాపు 99 లక్షల ఓట్లు.

కానీ డ్యువర్జే సూత్రం రాష్ట్రం రాష్ట్రానికీ విడిగా పనిచేస్తుంది. మిషిగన్‌లో వాలెస్ మూడోవాడు. అలబామా, జార్జియా, లూసియానా, మిసిసిపీ, అర్కాన్సాల్లో మొదటివాడు. అక్కడ ఆయనకు వేసిన ఓటు వృథా ఎలా అవుతుంది? ఆ అయిదు రాష్ట్రాలూ కలిసి 45 ఎలక్టోరల్ ఓట్లు ఇచ్చాయి. నార్త్ కరోలినాలో నిక్సన్ తరఫు ఎలక్టర్ ఒకాయన వాలెస్‌కు వేసి దాన్ని 46 చేశాడు.

నిక్సన్‌కు 301, హంఫ్రీకి 191. చూడ్డానికి పెద్ద తేడాలాగే ఉంది. నిక్సన్ ఇల్లినాయిలో గెలిచింది దాదాపు 1.35 లక్షల తేడాతో, మిసౌరీలో 20 వేల పైచిలుకుతో. ఈ రెండు చోట్లా కలిపి సుమారు 78 వేల మంది నిక్సన్‌ను వదిలి హంఫ్రీకి వేసి ఉంటే నిక్సన్ 263 దగ్గర ఆగిపోయేవాడు. బేరం టేబుల్ దగ్గర వాలెస్ కుర్చీ వేసుకుని కూర్చునేవాడు. 7 కోట్లకు పైగా ఓట్లు పడ్డ ఎన్నికలో 78 వేలు!

బేరం కుదరలేదు. కుదరకుండానే ఆయన చాలా సాధించాడు. మూడో దారి అని నేనన్నది ఇదే. ఆ 99 లక్షల ఓట్లు ఎక్కడున్నాయో నిక్సన్‌కు మ్యాపు మీద కనిపించాయి. శాంతిభద్రతలు, పిల్లల్ని జాతుల కలయిక కోసం దూరపు స్కూళ్లకు బస్సుల్లో పంపడం లాంటి మాటలు వైట్‌హౌస్ భాషలోకి వచ్చాయి. 1972లో దక్షిణాది రాష్ట్రాలన్నీ నిక్సన్‌వే. అదే ఏడాది మే 15న మేరీలాండ్‌లో ప్రైమరీ ప్రచారంలో ఉండగా వాలెస్‌పై కాల్పులు జరిగాయి. బతికాడు గానీ నడుం కింద చచ్చుబడిపోయింది. తర్వాతి కాలంలో నల్లజాతివాళ్లకు క్షమాపణ చెప్పుకుని, 1982లో వాళ్ల ఓట్లతో కూడా మళ్లీ గవర్నరయ్యాడు. మనిషి మారాడు. అతను తవ్విన సందు మాత్రం అలాగే ఉండిపోయింది.

1992లో టెక్సస్ కోటీశ్వరుడు రాస్ పెరో వచ్చాడు. జాతి గొడవలేమీ లేవు. బడ్జెట్ లోటు మీద చార్టులు పట్టుకుని టీవీలో అరగంట క్లాసు చెప్పేవాడు, జనం చూసేవాళ్లు కూడా. జూన్‌లో సర్వేల్లో రిపబ్లికన్ బుష్, డెమొక్రాట్ క్లింటన్‌ల కన్నా ముందున్నాడు. జులైలో తప్పుకుని అక్టోబరులో మళ్లీ వచ్చాడు. 18.9 శాతం ఓట్లు, అంటే వాలెస్ కన్నా ఎంతో ఎక్కువ. ఎలక్టోరల్ ఓట్లు సున్నా. పెరో లేకపోతే బుష్ గెలిచేవాడని ఇప్పటికీ చాలామంది అంటారు. పోలింగ్ రోజు సర్వేల్లో పెరో ఓటర్లను అడిగితే రెండో ఎంపికగా బుష్, క్లింటన్ ఇంచుమించు సమానంగా వచ్చారు. ఓట్లు చీల్చాడని అనే ముందు, అతను లేకపోతే ఆ ఓట్లు ఎటు పోయేవో అడగాలి. మనవాళ్లూ ఆ ప్రశ్న అడగరు.

పెరో పెట్టిన రిఫార్మ్ పార్టీ టికెట్ మీద 2000లో పోటీ చేద్దామని కొన్నాళ్లు తిరిగి, ఫిబ్రవరిలో మానుకున్న ఒక న్యూయార్క్ వ్యాపారి ఉన్నాడు. అవును, ట్రంపే. మూడో పార్టీ తలుపు ఎంత ఇరుకో అప్పుడే చూశాడు. పక్కన మరో తలుపు తెరిచి ఉంది, అదీ 1968 చలవే. ఆ ఏడాది హంఫ్రీ ఒక్క ప్రైమరీలోనూ దిగకుండా పార్టీ పెద్దల బలంతో టికెట్ తెచ్చుకున్నాడు. షికాగో వీధుల్లో కొట్లాటలయ్యాయి. దాని మీద డెమొక్రాట్లు కమిటీ వేసి రూల్సు మార్చారు, రిపబ్లికన్లూ అదే బాట పట్టారు. టికెట్ ఇచ్చే అధికారం పెద్దల చేతిలోంచి ప్రైమరీ ఓటర్లకు పోయింది.

ఇక 2016లో ఆ తలుపు దగ్గర 17 మంది గుమిగూడారు. వందమంది ఓటర్లను ఊహించుకోండి. 35 మంది ఒకరికి, 33 మంది రెండోవాడికి, 32 మంది మూడోవాడికి వేశారు. రెండో, మూడోవాళ్ల అభిమానులకు మొదటివాడంటే అసలు పడదు. ముఖాముఖి పెడితే అతను ఇద్దరి చేతిలోనూ ఓడతాడు. ముగ్గురూ ఉంటే గెలుస్తాడు. ఫ్రాన్స్‌లో కోండోర్సే 1785లోనే ఇలాంటి తిరకాసుల మీద రాశాడు. సౌత్ కరోలినా ప్రైమరీలో ట్రంప్‌కు వచ్చింది 32.5 శాతం. పార్టీ సభలో టికెట్ తేల్చే డెలిగేట్లు? ఉన్న 50కి 50. మిగతా 67 శాతం అయిదుగురు పంచుకున్నారు.

ఆ 67 శాతమూ ట్రంప్ వ్యతిరేకులేనని అనుకుంటే పెరో విషయంలో చేసిన తప్పే మళ్లీ చేసినట్టు. చాలామందికి ఆయన రెండో ఎంపిక అయ్యుండొచ్చు. అయినా పోటీదారులు కలవాల్సిన టైములో కలవలేదు. నువ్వు తప్పుకో అంటే నువ్వు తప్పుకో అన్నారు. పోటీలో మిగిలిన క్రూజ్, కేసిక్ రాష్ట్రాలు పంచుకుందామని ఒప్పందానికి వచ్చేసరికి ఏప్రిల్ నెలాఖరు. మే 3న ఇండియానాలో ట్రంప్‌కు 53 శాతం వచ్చాయి. ఆ రాత్రి క్రూజ్, మర్నాడు కేసిక్ విరమించుకున్నారు. నవంబరులో మళ్లీ ఓట్లు ఎక్కడ వచ్చాయన్న లెక్కే: దేశం మొత్తం మీద హిల్లరీ క్లింటన్‌కు 28 లక్షలకు పైగా ఎక్కువ ఓట్లు, మిషిగన్, పెన్సిల్వేనియా, విస్కాన్సిన్లలో కలిపి ట్రంప్‌కు 78 వేల ఆధిక్యం.

2024 ఆగస్టు 23న రాబర్ట్ కెనడీ జూనియర్ స్వతంత్ర పోటీ ఆపి ట్రంప్‌కు మద్దతు ప్రకటించినప్పుడు ఒక తమాషా జరిగింది. గట్టి పోటీ ఉన్న రాష్ట్రాల్లోనే బ్యాలెట్ మీంచి తన పేరు తీసేయమన్నాడు. మిగతా చోట్ల కావాలంటే తనకే వేసుకోవచ్చన్నాడు. ఎక్కడి ఓటు ఎంత విలువో అభ్యర్థే నోరు తెరిచి చెప్పేశాడు. వాలెస్ కలగన్న బేరం కూడా ఒకరకంగా తీరింది, తర్వాతి ప్రభుత్వంలో కెనడీ ఆరోగ్య మంత్రి అయ్యాడు. మిషిగన్‌లో మాత్రం కోర్టుకెళ్లినా పేరు తీయించుకోలేకపోయాడు. పోటీలో లేని ఆయనకు అక్కడ 26 వేల మందికి పైగా ఓటేశారు. ఆ రాష్ట్రంలో ట్రంప్ గెలిచింది 80 వేల తేడాతో, కాబట్టి ఆ ఓట్ల గురించి ఎవరూ కొట్లాడుకోలేదు.