పార్టీలో రంగుల సలాడ్: అపోహలు - వాస్తవాలు

పుట్టినరోజులకు, గృహప్రవేశాలకు సలాడ్ కౌంటర్ పెట్టడం నా పని. గిన్నె బల్ల మీదికి వచ్చినప్పుడు అందరిదీ బాగానే ఉంటుంది. గంట తర్వాత ఎలా ఉందన్నదే అసలు పరీక్ష. ఇంట్లో చేసుకునేవాళ్లు అక్కడే టెన్షన్ పడతారు. చాలాసార్లు అందుకు కారణం ఈ అపోహలే.

అపోహ: ఎన్ని రకాలు వేస్తే అంత రంగులమయం.

నాలుగైదు రంగులు చాలు. క్యారెట్, కీర, అనాస, దానిమ్మ గింజలు వేస్తేనే గిన్నె కళకళలాడుతుంది. చిక్కంతా బీట్‌రూట్‌తోనే. ఒకసారి ఓ పాప మొదటి పుట్టినరోజుకు ఎనభై మందికి సలాడ్ చేశాం. బీట్‌రూట్ తురిమి అన్నింటితో కలిపేశాం. అరగంటలో కీర, యాపిల్, అనాస అన్నీ ఒకే గులాబీ రంగులోకి వచ్చేశాయి. ఆ ఇంటావిడ ఒక్క మాట అనలేదు, కానీ ఆ గిన్నె నాకు ఇప్పటికీ కళ్లముందే ఉంది.

బీట్‌రూట్ ఎరుపు నీళ్లలో కరిగే రంగు, కోసిన చోటల్లా కారుతుంది. క్యారెట్ రంగు అలా నీళ్లలో కరగదు, అందుకే పక్క ముక్కలకు అంటదు. అప్పటి నుంచి నేను బీట్‌రూట్ తురమడం మానేశాను. చిన్న ముక్కలు కోసి, రంగు నీళ్లు పోయేదాకా రెండుసార్లు కడిగి, పొడి గుడ్డ మీద ఆరబెట్టి, చెంచాడు నూనె పట్టిస్తాను. వడ్డించే ముందు పైన చల్లుతాను, కలపను.

అపోహ: ఉప్పు, నిమ్మరసం ముందే కలిపి ఫ్రిజ్‌లో పెడితే ముక్కలకు రుచి పడుతుంది.

మాగాయ పెట్టేటప్పుడు ముక్కలకు ఉప్పు వేసి ఎందుకు ఊరనిస్తాం? ఊట దిగాలనే కదా. సలాడ్ గిన్నెలోనూ అదే జరుగుతుంది. కీరలో నూటికి తొంభై వంతులకు పైగా నీరే కాబట్టి ఉప్పు తగలగానే దిగిపోతుంది. మధ్యలోని గింజల గుజ్జు తీసేయండి. ఉప్పు, చాట్ మసాలా పక్కన చిన్న గిన్నెల్లో పెట్టండి, ఎవరికి కావలసినంత వాళ్లు వేసుకుంటారు.

యాపిల్ నల్లబడితే పాడైందనుకుని పారేస్తుంటారు. అది గాలి తగిలి మారిన రంగు మాత్రమే. లీటరు నీళ్లలో అర టీస్పూను ఉప్పు కలిపి, ముక్కల్ని ఐదు నిమిషాలు ఉంచి, మంచినీళ్లతో కడిగేస్తే తెల్లగా ఉంటాయి. నిమ్మరసమూ పనిచేస్తుంది గానీ పులుపు అంటుతుంది.

అపోహ: పెరుగుతో ఏ పండైనా కలుస్తుంది.

ఉడికించని అనాస, కివీ కలపకండి. వాటిలోని ఎంజైమ్‌లు పాల ప్రోటీన్‌ను విరగ్గొట్టి కాసేపట్లో చేదు తెస్తాయి. అనాస ముక్కల్ని కొన్ని నిమిషాలు ఉడికించి చల్లార్చి వేస్తే ఆ బెడద ఉండదు.

అపోహ: సలాడ్‌లో నూనె చుక్క పడకూడదు.

క్యారెట్, టమాటాల రంగునిచ్చే పదార్థాలు కాస్త కొవ్వు తోడుంటేనే ఒంటికి బాగా పడతాయి. వేయించిన పల్లీలు, నువ్వులు వేసినా చాలు. వడపప్పులో కొబ్బరి కోరు కలపడం మనకు అలవాటే కదా.

ఇక నేను అస్సలు రాజీపడని విషయం: పుచ్చకాయ తొక్క తినం కదా అని కడగకుండా కోసేయడం. తొక్క మీది మురికిని కత్తే లోపలికి తీసుకెళ్తుంది. కోయకముందే కుళాయి కింద రుద్ది కడగాలి, సబ్బు అక్కర్లేదు. కోసిన పండ్లను బయట రెండు గంటలకు మించి ఉంచకూడదు. మన ఎండాకాలంలో, 32 డిగ్రీలు దాటితే, ఒక్క గంటే. పిల్లలు, గర్భిణులు, పెద్దవాళ్లు తినే గిన్నె అది.

అందుకే నేను ఒకే పెద్ద గిన్నె పెట్టను. యాభై మందికి ఐదు కిలోల ముక్కలు రెండు గిన్నెల్లో సర్దుతాను. మొదటిది ఐస్ పళ్లెం మీద బయట ఉంటుంది, రెండోది కేక్ కోసేదాకా ఫ్రిజ్‌లోనే ఉంటుంది.