జిప్ పౌచ్‌లు, క్రోషే: తప్పు చేతిది కాదు

కుట్టు, అల్లిక నేర్చుకుందామని వచ్చేవాళ్లలో చాలామంది ముందే ఒక మాట అనేస్తారు: "నా చేతికి ఇవి రావండీ." పౌచ్ జిప్ వంకర పోయినా, గుండ్రంగా రావాల్సిన అల్లిక గిన్నెలా ముడుచుకున్నా నేరం చేతి మీదికే వెళ్తుంది. నేర్పేటప్పుడు నేను చూసేది వేరు. జిప్ పౌచ్‌లో సాధారణంగా తప్పేది పనుల వరస. క్రోషేలో, అంటే ఒక్క హుక్‌తో అల్లే అల్లికలో, తప్పేది లెక్క. ఆ రెండూ దారిలో పడితే మామూలు చెయ్యి చాలు. తరచూ వినే అపోహలు కొన్ని కింద రాశాను. ఎక్కువ ఏడిపించేవాటి గురించి ఎక్కువ రాశాను.

అపోహ: కుట్టులోకెల్లా కష్టమైనది జిప్ వేయడం.

ప్యాంటుకో, బిగుతైన గౌనుకో వేసే జిప్‌ను తలచుకుని భయపడతారు. అక్కడ ఒంపులుంటాయి, జిప్ బయటికి కనిపించకుండా దాచాలి. పౌచ్‌లో అలాంటిదేమీ లేదు. బల్ల మీద చదునుగా పరిచిన బట్ట, రెండు తిన్నని అంచులు, అంతే.

కుట్టు వంకర పోయే చోటు ఎప్పుడైనా గమనించారా? దాదాపు ఎప్పుడూ రన్నర్ (జిప్‌ను తెరిచి మూసే ముక్క) దగ్గరే. రన్నర్ జిప్ పళ్లకన్నా వెడల్పుగా ఉంటుంది కాబట్టి, దాని పక్కకు రాగానే బట్టను నొక్కిపట్టే మెషిన్ ఫుట్ బయటికి నెట్టుకుపోతుంది, దానితో పాటే కుట్టూ పోతుంది. దీనికి మందు ఏమిటంటే, జిప్‌ను సగం తెరిచి కుట్టడం మొదలుపెట్టి, రన్నర్ దగ్గర పడగానే సూదిని బట్టలో దించి ఉంచి, ఫుట్ ఎత్తి, రన్నర్‌ను కుట్టేసిన వైపుకు జరిపి, మళ్లీ ఫుట్ దించి కుట్టుకుపోవడం. ఇంతకన్నా తేలిక దారి కూడా ఉంది. పౌచ్ కన్నా రెండు మూడు అంగుళాలు పొడవైన జిప్ తీసుకుని, రన్నర్‌ను బట్ట అంచు దాటించి బయటే ఉంచేయండి. కుట్టే దారిలోకి అది రానే రాదు. కొత్తగా నేర్చుకునేవాళ్లకు నేను చెప్పేది ఇదే.

ఇక వరస. పైబట్టను మంచి వైపు పైకి ఉండేలా పరవండి. దాని అంచు మీద జిప్‌ను బోర్లా పెట్టండి. ఆపైన లైనింగ్‌ను మంచి వైపు కిందికి ఉండేలా వేయండి. మూడింటినీ కలిపి ఒక్క కుట్టు. బట్టలు రెండూ వెనక్కి మడిచి ఇస్త్రీ చేసి, జిప్ పక్కనే పైనుంచి ఇంకో కుట్టు వేయండి. ఈ పైకుట్టు అందం కోసమని చాలామంది వదిలేస్తారు. లైనింగ్ జిప్ పళ్లలో ఇరుక్కోకుండా ఆపేది అదే. రెండో వైపూ ఇలాగే.

ఆ తర్వాత పైబట్టలు రెండూ ఎదురెదురుగా, లైనింగ్‌లు రెండూ ఎదురెదురుగా పెట్టి చుట్టూ కుట్టాలి. లైనింగ్ అడుగున చెయ్యి పట్టేంత సందు వదలాలి. ఈ చుట్టుకుట్టుకు ముందు జిప్ సగమైనా తెరిచి ఉండాలి. మూసి ఉంచి కుట్టేశారనుకోండి, సందులోంచి చెయ్యి పెట్టినప్పుడు తగిలేది జిప్ వెనకవైపు. లాగే నాలుక అవతలి వైపు ఉండిపోతుంది. అప్పుడు వేలి కొసలతో రన్నర్‌ను నెట్టుకుంటూ కూర్చోవాలి, లేదంటే కుట్టు విప్పాలి. ఇందులో చేతి నైపుణ్యం ఎక్కడుంది? ఏది ముందు, ఏది తర్వాత అన్నదే కదా.

అపోహ: పౌచ్ కొలతకు సరిగ్గా సరిపోయే జిప్ దొరికితేనే కుట్టాలి.

నైలాన్ జిప్ పళ్లను దగ్గరగా చూడండి. విడివిడి పళ్లు కావవి, ఒకటే నైలాన్ పోగును చుట్టలు చుట్టి పట్టీకి కుట్టినవి. అందుకే దాన్ని ఎక్కడైనా మామూలు కత్తెరతో కత్తిరించవచ్చు, మెషిన్‌తో దాని మీదుగా నెమ్మదిగా కుట్టుకుపోవచ్చు. లోహపు జిప్ అలా కాదు. దాని పళ్లు ఒక్కొక్కటిగా పట్టీకి నొక్కి బిగించి ఉంటాయి. కుట్టు వాటి మీదికి వెళ్తే సూది విరుగుతుంది. పొడవు తగ్గించాలంటే కటింగ్ ప్లయర్‌తో పళ్లు పీకాలి. గిడియన్ సండ్‌బ్యాక్‌కు 1917లో అమెరికాలో పేటెంట్ వచ్చిన జిప్ లోహపు పళ్లదే. నైలాన్ చుట్ట తర్వాతి కాలంలో వచ్చింది, ఇంట్లో కుట్టుకునేవాళ్లకు అది పెద్ద మేలు.

కత్తిరించేముందు ఒక జాగ్రత్త. రన్నర్‌ను ముందుగా మధ్యకు తెచ్చి, పళ్ల మీద అడ్డంగా చేత్తో నాలుగైదు కుట్లు గట్టిగా వేసి, ఆ తర్వాతే కోయండి. లేకపోతే రన్నర్ చేతిలోకి ఊడి వస్తుంది. జిప్ నంబర్ల సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. 3 నంబరు, 5 నంబరు అంటే, మూసిన పళ్ల వెడల్పు సుమారుగా అన్ని మిల్లీమీటర్లని. పెన్నులు, మేకప్ సామాను పెట్టుకునే పౌచ్‌కి 3 చాలు. బరువు మోసే సంచికి 5 వేయండి.

అపోహ: జిప్ చివర్లు ముద్దగా ఉబ్బుతున్నాయంటే చెయ్యి ఇంకా తిరగలేదని.

ఆ మూలలో ఎన్ని పొరలు కలుస్తున్నాయో లెక్కపెట్టండి. పైబట్ట, లైనింగ్, వాటి మడతలు, జిప్ పట్టీ, పైగా గట్టి నైలాన్ పళ్లు. ఎంత చెయ్యి తిరిగినవాళ్లు కుట్టినా ఇన్నీ ఒకేచోట పడితే ఉబ్బుతుంది. జిప్ రెండు చివర్లకూ చిన్న బట్ట ముక్క మడిచి కుట్టి, జిప్ పళ్లు పక్క కుట్టు దాకా రాకుండానే ఆగిపోయేలా చూడండి. పక్క కుట్టులో పడేది బట్ట ముక్క మాత్రమే అవుతుంది, మూల చక్కగా తిరుగుతుంది. చుట్టూ కుట్టేటప్పుడు జిప్ దగ్గరి కుట్టు అంచుల్ని (కుట్టు అవతల మిగిలే బట్టను) లైనింగ్ వైపు మడిచి ఉంచడం కూడా మరవకండి.

పెట్టెలా అడుగున్న పౌచ్ కుట్టడానికి ప్రత్యేక ప్యాటర్న్ అక్కర్లేదు. కుట్టు అంచుతో కలిపి, కింది మూలల్లో ఎంత చదరం కోస్తే అడుగు దానికి రెట్టింపు వస్తుంది. 1 అంగుళం చదరం కోస్తే 2 అంగుళాల అడుగు.

అపోహ: దీనికి ఖరీదైన మెషిన్ ఉండాలి.

తిన్నని కుట్టు పడే మెషిన్, జిప్ పక్కనే కుట్టనిచ్చే ఇరుకు ఫుట్ (జిప్ ఫుట్) ఒకటి, అంతే. మెషిన్ కన్నా సూది గురించి ఆలోచించండి. మామూలు కాటన్‌కి బక్రం (బిగువు కోసం లోపల వేసే గట్టి గుడ్డ) అంటించి కుడితే 14 నంబరు సూది, జీన్స్ లాంటి మందం బట్టకు 16. అరిగిన సూదితో కుట్లు దాటేస్తుంటే మెషిన్‌ను తిడుతుంటారు. బక్రంను కుట్టు అంచులోకి రానివ్వకుండా కాస్త చిన్నగా కోస్తే సగం మందం అక్కడే తగ్గిపోతుంది. మెషిన్ అసలే లేదా? వెనక కుట్టుతో (ప్రతిసారీ సూదిని ఒక కుట్టు వెనక్కి తెచ్చి వేసే కుట్టు) చేత్తో వేసిన జిప్ చిన్న పౌచ్‌కి ఏళ్ల తరబడి ఆగుతుంది.

అపోహ: క్రోషే, నిట్టింగ్ ఒకటే. రెండూ ఇప్పుడు మెషిన్లే చేసేస్తున్నాయి.

నిట్టింగ్ రెండు సూదులతో అల్లేది. అందులో అల్లుతున్న వరసలోని లూప్‌లన్నీ ఒకేసారి సూది మీద నిలబడి ఉంటాయి. ఒకటి జారితే కిందికి వరసలు వరసలుగా ఊడిపోవచ్చు. క్రోషేలో సాధారణంగా హుక్ మీద ఉండేది ఒక్క లూపే. మధ్యలో వదిలేసి వెళ్లినా పెద్దగా నష్టముండదు. తప్పు కనిపిస్తే అక్కడిదాకా విప్పుకుని ఆ లూప్‌లో హుక్ పెట్టి కొనసాగించవచ్చు. అల్లిక కొత్తవాళ్లకు క్రోషే నుంచి మొదలుపెట్టమని నేను చెప్పడానికి కారణం ఇదే. ఊలు మాత్రం అదే సైజు నిట్టింగ్‌కన్నా సాధారణంగా ఎక్కువే తింటుంది.

నిట్టింగ్ మెషిన్లు ఎప్పటినుంచో ఉన్నాయి. క్రోషేకి అలా కుదరలేదు. క్రోషేలా కనిపించే బట్టను ఫ్యాక్టరీ మెషిన్లు తయారుచేస్తాయి గానీ వాటి అల్లిక పద్ధతి వేరు. నిజమైన క్రోషే కుట్లున్న టాప్ ఎక్కడైనా చూశారంటే దాన్ని ఎవరో కూర్చుని చేత్తో అల్లారు. తర్వాత దాని ధర చూసి ఏమనుకోవాలో మీరే నిర్ణయించుకోండి.

అపోహ: క్రోషేకి ఓపిక ఉంటే చాలు, లెక్కలతో పని లేదు.

ఓపికతో తప్పు లెక్కను చివరిదాకా అల్లుకుపోవచ్చు కూడా!

గుండ్రని అల్లికను తీసుకోండి. సింగిల్ క్రోషే అనే పొట్టి కుట్టుతో మొదటి చుట్టులో 6 కుట్లు, రెండో దాంట్లో 12, మూడో దాంట్లో 18, నాలుగో దాంట్లో 24. ప్రతి చుట్టుకూ 6 పెరగాలి. ఈ ఆరు ఎక్కడిది? చుట్టు పెరిగేకొద్దీ వ్యాసార్థం ఒక కుట్టు ఎత్తు మేర పెరుగుతుంది, చుట్టుకొలత దానికి సుమారు 6.28 రెట్లు పెరగాలి. సింగిల్ క్రోషే కుట్టు ఎత్తు, వెడల్పు ఇంచుమించు సమానం కాబట్టి 6 సరిపోతుంది. డబుల్ క్రోషే కుట్టు దానికి దాదాపు రెట్టింపు ఎత్తు. అందుకే దానికి చుట్టుకు 12.

ఇది తెలిస్తే మీ అల్లికే మీకు సమాధానం చెబుతుంది. గిన్నెలా లేస్తోందంటే కుట్లు తక్కువ పెంచుతున్నారు. అంచు కుచ్చిళ్లలా అలలు కొడుతోందంటే ఎక్కువ పెంచుతున్నారు. బొమ్మ తల కావాలంటే పెంచడం ఆపేయండి, గిన్నె దానంతటదే వస్తుంది.

ఆ అలల అంచును తప్పుగా చూడని గణిత అధ్యాపకురాలు ఒకరున్నారు. కార్నెల్ యూనివర్సిటీలో డైనా తైమినా 1997లో, ఇన్ని కుట్లకు ఒకటి చొప్పున అదే నిష్పత్తిలో పెంచుకుంటూ అల్లి, హైపర్‌బోలిక్ తలాన్ని (అంచుకు పోయేకొద్దీ ఇలా అలలుగా విచ్చుకునే ఉపరితలాన్ని) విద్యార్థుల చేతికి అందేలా చేశారు. అంతకుముందు కాగితం ముక్కలు అతికించి చేసిన నమూనాలు ఇట్టే పాడైపోయేవి. క్రోషే నమూనాను ఎంత నలిపినా ఫర్వాలేదు.

తిన్నగా మొదలుపెట్టిన మఫ్లర్ పైకి వెళ్లేకొద్దీ సన్నబడుతోందా? ప్రతి వరసలో చివరి కుట్టు వదిలేస్తున్నారు. మొదటి కుట్టుకు, చివరి కుట్టుకు రంగు దారం ముక్క గుర్తుగా కట్టండి. వరస అవ్వగానే కుట్లు లెక్కపెట్టండి. అల్లికకు పునాదిగా వేసే కింది చెయిన్ మాత్రం బిగుసుకుపోయి అడుగు ముడుచుకుంటే, ఆ ఒక్క వరసకు ఒక సైజు పెద్ద హుక్ వాడండి.

ఇంకో చిక్కు, ప్యాటర్న్ ఎవరిదన్నది. అమెరికా ప్యాటర్న్‌లో సింగిల్ క్రోషే అన్నదాన్నే బ్రిటన్ ప్యాటర్న్‌లో డబుల్ క్రోషే అంటారు. చూడకుండా అల్లితే టోపీ ఏ తలకూ పట్టదు. ఈ పోస్టులో నేను వాడింది అమెరికా పద్ధతి.

అపోహ: ఊలు ఏదైనా ఒకటే, రంగు నచ్చితే చాలు.

వేడి గిన్నెలు పట్టుకునే గుడ్డ, గిన్నె కింద వేసే మ్యాట్ అల్లేవాళ్లు దయచేసి యాక్రిలిక్ వాడకండి. అది ప్లాస్టిక్, వేడికి కరుగుతుంది, చెయ్యి కాలుతుంది. అక్కడ నూలు దారమే. యాక్రిలిక్ అల్లిక మీద వేడి ఇస్త్రీ పెట్టినా సాగిపోయి జీవం పోతుంది, మళ్లీ వెనక్కి రాదు. పెద్ద దుప్పటి అల్లుతుంటే ఉండలన్నీ ఒకేసారి తీసుకుని, లేబుల్ మీద రంగు నంబరుతో పాటు లాట్ నంబరు (ఒకే విడతలో రంగు వేసిన ఊలుకు వేసేది) కూడా కలుస్తుందో లేదో చూడండి. లాట్ మారితే అదే రంగులో సన్నని తేడా వస్తుంది, అది దుప్పటి పరిచాకే కనిపిస్తుంది. బొమ్మలకైతే లేబుల్ మీద చెప్పినదానికన్నా చిన్న హుక్ వాడాలి, లేకపోతే లోపలి దూది బయటికి కనిపిస్తుంది.

అపోహ: ఎడమచేతివాటం వాళ్లకు క్రోషే రాదు.

వస్తుంది. వీడియోను అద్దంలో చూసినట్టు తిప్పి పెట్టుకుంటే చాలు.

అపోహ: ఇన్ని చేస్తున్నావు, అమ్మకపోతే వృథా.

చేతిపని కుటుంబాల్ని నిలబెట్టిన సందర్భాలున్నాయి. 1840ల ఐర్లండ్ కరువులో క్రోషే లేస్ ఎన్నో ఇళ్లకు తిండి పెట్టింది. కానీ ఆ మాట సోఫాలో కూర్చుని సరదాగా అల్లుకునేవాళ్లకు ఎందుకు చెబుతారో నాకు అర్థం కాదు. అమ్మకం మొదలైతే ఒకే రంగు పౌచ్ పదే పదే కుట్టాలి, గడువులు, బేరాలు, టెన్షన్. కావాలనుకున్నవాళ్లు హాయిగా చేయండి, మీరు పెట్టిన గంటలన్నీ ధరలో లెక్కేయండి. వద్దనుకున్నవాళ్లు ఎవరికీ సంజాయిషీ ఇవ్వక్కర్లేదు.

అపోహ: క్రోషే పౌచ్‌కి కూడా మెషిన్ మీద జిప్ వేసేస్తే సరి, లైనింగ్ దండగ.

రెండు హాబీలు కలిసే చోటు ఇది, ఎక్కువగా చెడేదీ ఇక్కడే. క్రోషే సాగుతుంది, జిప్ సాగదు. మెషిన్ ఫుట్ కింద పెడితే అల్లిక సాగి, కుట్టాక అంచు అలలు తేలుతుంది. ఫుట్ లూప్‌లలో చిక్కుకోవడం అదనం.

చేత్తో వేయండి. అల్లికను లాగకుండా బల్ల మీద పరిచి, జిప్ మూసి ఉంచి, రెండు వైపులా సరిగ్గా మధ్యలో గుర్తు పెట్టండి. పావు భాగాల దగ్గర కూడా పెట్టి అక్కడక్కడ క్లిప్పులు బిగించండి. కుట్టు దారంతో వెనక కుట్టు వేస్తూ, క్రోషే కుట్టు ఒక్కోదానికి ఒక్కో కుట్టు చొప్పున లోపలి వైపు పోగుల్లోంచి పోండి, బయటికి కనపడదు. అల్లిక అంచుకు, జిప్ పళ్లకు మధ్య కనీసం 2 మిల్లీమీటర్ల ఎడం ఉంచితే రన్నర్ ఊలును పట్టుకోదు.

లైనింగ్ విడిగా కుట్టి, నోటి అంచు లోపలికి మడిచి జిప్ పట్టీకి చేత్తో అతకండి. వెనక కుట్లు దాని కింద దాక్కుంటాయి, నాణేలు, పిన్నులు అల్లిక సందుల్లోంచి జారవు. లైనింగ్‌ను క్రోషే కన్నా కాస్త చిన్నదిగా కుట్టండి. అప్పుడు లోపల వేసిన బరువు లైనింగ్ మోస్తుంది, అల్లిక సాగి వేలాడదు.