తరగతి గదిలో కృత్రిమ మేధ: అపోహలు - వాస్తవాలు

హనుమకొండలోని ఒక డిగ్రీ కళాశాలలో చరిత్ర బోధిస్తున్నాను. 2022 నవంబర్ 30న చాట్‌జీపీటీ వచ్చిన నాటి నుంచి స్టాఫ్ రూములో తరచూ వినిపించే కొన్ని అభిప్రాయాలను, తరగతిలో నేను గమనించిన వాటితో సరిచూసి రాస్తున్నాను.

అపోహ: అసైన్‌మెంట్ విద్యార్థి రాసిందో యంత్రం రాసిందో సాఫ్ట్‌వేర్ తేల్చేస్తుంది.

వాస్తవం: తేల్చలేదు. చాట్‌జీపీటీని తయారుచేసిన ఓపెన్ఏఐ సంస్థే 2023 జనవరిలో అలాంటి పరికరాన్ని విడుదల చేసింది. యంత్రం రాసిన వాటిలో 26 శాతాన్నే అది సరిగా పట్టుకుంటోందని, మనుషులు రాసిన వాటిలో 9 శాతాన్ని యంత్రానికి అంటగడుతోందని స్వయంగా వెల్లడించి, కచ్చితత్వం చాలదంటూ అదే ఏడాది జులైలో ఉపసంహరించుకుంది. స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు ఆ ఏడాదే ఇలాంటి పరికరాలను (డిటెక్టర్లను) పరీక్షిస్తే, ఇంగ్లిషు మాతృభాష కానివారు రాసిన టోఫెల్ (ఇంగ్లిషు ప్రావీణ్య పరీక్ష) వ్యాసాల్లో సగటున సగానికి పైగా యంత్రం రాసినవిగా ముద్ర పడ్డాయి. పరిమిత పదజాలంతో, అలవాటైన వాక్యాలతో రాయడమే అందుకు ప్రధాన కారణం. ములుగు, భూపాలపల్లి వైపు నుంచి తెలుగు మీడియంలో చదివి వచ్చిన పిల్లలు ఇంగ్లిషులో సరిగ్గా అలాగే, తప్పు పోకుండా ఆచితూచి రాస్తారు. అంత కష్టపడి రాసిన అమ్మాయిని సాఫ్ట్‌వేర్ ఇచ్చిన శాతం అంకె చూపించి దోషిగా నిలబెట్టడం అన్యాయం. ఆ అంకె ఆధారంగా ఇంటర్నల్ మార్కులు కోయకూడదని నా గట్టి అభిప్రాయం.

అపోహ: అంత ధీమాగా చెబుతోందంటే సమాధానం సరైనదే అయి ఉంటుంది.

వాస్తవం: ఒక మాట తర్వాత ఏ మాట రావడానికి ఎక్కువ అవకాశం ఉందో లెక్కగట్టి అది వాక్యం అల్లుతుంది, ధీమాకూ నిజానికీ సంబంధం లేదు. స్థానిక చరిత్రలో ఈ లోపం మరింత స్పష్టంగా కనిపిస్తుంది. వేయి స్తంభాల గుడిని 1163లో కట్టించింది కాకతీయ రుద్రదేవుడు. రామప్ప గుడిని 1213లో కట్టించింది గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు. ఆ తర్వాత పాలించింది రుద్రమదేవి. పేర్లు దగ్గరగా ఉండటంతో ఒకరి పని మరొకరి ఖాతాలో పడిన అసైన్‌మెంట్లు నా దగ్గరికి వస్తుంటాయి. అందుకే యంత్రం ఇచ్చిన సమాధానాన్ని బోర్డు మీద రాసి, ఆ గుళ్ల శాసన పాఠాలను పక్కన పెట్టి, తప్పులు పట్టమని విద్యార్థులకే చెబుతాను. పాఠం మామూలుగా చెప్పిన రోజు కంటే ఆ రోజు వాళ్లు శాసనాన్ని ఎంతో శ్రద్ధగా చదువుతారు.

అపోహ: అధ్యాపకుడి పని తగ్గిపోతుంది.

వాస్తవం: మాదిరి ప్రశ్నలు త్వరగా వస్తాయి. వాటిని సరిచూడటానికి ఆ సమయమంతా పోతుంది.

అపోహ: నిషేధిస్తే సరి.

వాస్తవం: ఫోన్ చేతిలో ఉన్నంతకాలం నిషేధం కాగితానికే పరిమితం. ఇంట్లో రాసినదానికి మార్కులు తగ్గించి, దాని మీద ఎదురుగా కూర్చుని ఐదు నిమిషాలు మాట్లాడినదానికి ఎక్కువ కేటాయించడం మేలు. తాను చదివి రాసిన విద్యార్థి తెలుగులో చెప్పినా తడబడకుండా చెబుతాడు. అరవై మంది ఉన్న సెక్షన్‌లో ఇందుకు ఐదు గంటలు కావాలి కాబట్టి, ఆ పీరియడ్లను సెమిస్టర్ మొదట్లోనే టైమ్‌టేబుల్‌లో వేయించుకోవాలి.